మునగని పడవ, ముక్కిపోని పడవ

(విశాఖపట్నంలో చిన్న తెరచాప పడవలు నడిపేవాళ్ళు, నడపాలనుకునేవాళ్ళు కలుసుకున్న ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, మైకులో గాలి హోరు తప్ప నా మాట వెళ్ళేలా లేదు.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఇంజనీర్ని కాను. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో జమాఖర్చులు చూసుకున్నవాణ్ణి. పడవ పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది, రిటైరయ్యాక ముదిరింది. అందుకని నా మాటల్లో లెక్కలుంటాయి, చివాట్లు తిన్న కథలుంటాయి.

ఈ బల్ల మీద పాలిథిన్ సంచీలో పసుపుపచ్చటి ముక్క ఉంది చూశారా? ముందు వరసవాళ్ళు చేతిలోకి తీసుకుని పక్కవాళ్ళకి అందించండి. సంచీ విప్పకండి, బట్టల మీద కారుతుంది. అది ఫోమ్. నా పడవ ముక్కు భాగంలో మిగిలిపోయిన ఆఖరి ముక్క, పోయిన నెల కోశాను. అరచేతిలో పట్టేంత ఫోమ్ దూదిలా ఉండాలి కదా, తడిసిన ఇటుకలా ఉంది. పడవని తేల్చాల్సిన వస్తువు అది! అది పడవలో ఉన్నన్నాళ్ళూ నేను సముద్రాన్ని మోసుకుంటూ సముద్రం మీద తిరిగాను.

ఎలా జరిగిందో చెబుతాను. 14 అడుగుల ఫైబర్ పడవ, ముందు భాగంలో సామాను పెట్టుకోడానికి, వాన వస్తే తల దాచుకోడానికి చిన్న గూడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన “ఇది మునగదు సార్, కిందంతా ఫోమే” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కాకపోతే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ పడవ ఒక ఖాళీ స్థలంలో నీళ్ళతో నిండిపోయిందని, డ్రెయిన్ బిరడా బిగించే ఉండటం వల్ల నెలల తరబడి అలాగే ఉందని నాకు తర్వాత తెలిసింది. ఊరంతా ఇళ్ళు, చెట్లు చూసుకునే రోజుల్లో పడవ బిరడా గురించి ఎవరికి గుర్తుంటుంది?

రుషికొండ దగ్గర ఒక సాయంత్రం ఒడ్డుకి వస్తూ, అలలు విరిగే చోట అడ్డం తిరిగాను. ఒక్క అల లోపల పడింది. పడవ మునగలేదు. కానీ అంచులు నీటి మట్టానికి సరిగ్గా సమంగా నిలబడిపోయాయి. నేను బకెట్టుతో ఒక బకెట్టు తోడితే సముద్రం నాలుగు బకెట్లు పోస్తోంది. పైగా సెంటర్ బోర్డు, అంటే పడవ పక్కకి జారిపోకుండా మధ్యలోంచి నీళ్ళలోకి దించే పలక, అది దిగే పెట్టె పైభాగం కూడా నీళ్ళలోనే ఉంది, అందులోంచి ఊటలా నీరు పైకి తన్నుతోంది. తెప్ప మీద వస్తున్న జాలరి తాత ఒకాయన తాడు విసిరి ఒడ్డుకి లాగాడు. ఇసక మీద పడవ చుట్టూ ఒకసారి తిరిగి, “ఇది మునగదు, తేలదు. మధ్యలో ఉండిపోనాది బాబూ” అన్నాడు. అంతకంటే మంచి రిపోర్టు ఏ సర్వేయరూ రాయలేడు.

మర్నాడు ట్రైలరుతో సహా లారీ కాటా మీద తూయించాను. ట్రైలర్ బరువు తీసేస్తే, కాగితాల్లో ఉన్నదాని కంటే పడవ 60 కిలోలకి పైగా ఎక్కువ తూగింది. నేల పలక కోసి చూస్తే ఈ ముక్క అన్నయ్యలు, తమ్ముళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు.

ఇప్పుడు తెప్ప సంగతి. మన జాలరిపేటల్లో పెద్దవాళ్ళకి తెలుసు, పాత తెప్ప అంటే తేలిక జాతి దుంగలు నాలుగైదు కలిపి తాడుతో కట్టింది. దానికి లోపల అనేదే లేదు. అల పైనుంచి పడుతుంది, దుంగల సందుల్లోంచి కిందకి పోతుంది. నిండటానికి చోటే లేనప్పుడు మునగడం ఎక్కడిది? ఇంతవరకూ మనందరం గొప్పగా చెప్పుకుంటాం. కానీ రెండో సగం మర్చిపోతాం. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగలు విడివిడిగా ఇసక మీద ఆరబెట్టేవారు. తడిసిన దుంగ బరువెక్కుతుంది, బరువెక్కిన దుంగ తక్కువ తేలుతుంది. తేలడం, ఆరడం వాళ్ళకి వేరువేరు పనులు కావు. మనం ఫైబర్ పడవలో ఫోమ్ పోసి పైన పలక అంటించేసి, ఇంక జీవితంలో చూడక్కర్లేదనుకుంటాం. విప్పి ఆరబెట్టలేని ఫోమ్‌ని నేను ఫోమ్‌గా లెక్కపెట్టను. ఇవాళ నేను చెప్పేవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

మీలో కొందరికి ఒక సందేహం ఉంటుంది. మన విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి మరో ఐదుగురు నేవీ అధికారిణులతో తారిణి అనే తెరచాప పడవ మీద 2017 సెప్టెంబర్‌లో గోవాలో బయల్దేరి 2018 మే నెలలో ప్రపంచం చుట్టి వచ్చింది కదా, దానికి ఈ గొడవ ఉందా అని. అది దాదాపు 17 మీటర్ల పడవ. కింద కీల్ అని, ఒరిగిపోకుండా నిలబెట్టే బరువైన పలక ఉంటుంది, పైన డెక్ మూసి ఉంటుంది. నీళ్ళు లోపలికి రానివ్వకపోవడం దాని పద్ధతి. మన చిన్న పడవలు పైన తెరిచే ఉంటాయి కాబట్టి నీళ్ళు వస్తాయి. వచ్చాక ఏమిటన్నదే మన లెక్క.

సరే, జమాఖర్చులు. పడవ నీళ్ళతో నిండిపోయినప్పుడు దానిలో ప్రతి వస్తువూ నీళ్ళలో ఎంత తూగుతుందో, అదంతా ఖర్చు. ఫైబర్ నీళ్ళకంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. అంటే మునిగిన ఫైబర్ తన బరువులో మూడో వంతే కిందకి లాగుతుంది. నా పడవలో ఫైబర్ 140 కిలోలు, ఖర్చు 46. ఇనప సెంటర్ బోర్డు 30 కిలోలు, ఇనుము నీళ్ళలో పెద్దగా తేలికపడదు, 26 రాసుకోండి. తెరచాప కట్టే అల్యూమినియం స్తంభం, చాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ కలిపి 18 కిలోలు, దానికి 11. లంగరు, గొలుసు 10 కిలోలకి 9. పడవ వెనక తగిలించే చిన్న అవుట్‌బోర్డ్ మోటారు 17 కిలోలు, దానికి 13 వేశాను. పనిముట్లూ అవీ ఇవీ 5. మొత్తం 110. ప్లైవుడ్ తేలుతుంది కదా, జమలో వేసుకోవచ్చు కదా అంటారు. నేను వెయ్యను. నానిన ప్లైవుడ్ మీద నాకు నమ్మకం లేదు, అది మొండి బకాయి లాంటిది.

ఇక జమ. ఫోమ్ ఘనపు మీటరుకి 30 కిలోలుంటుంది. మన సముద్రపు నీరు లీటరు దాదాపు 1.025 కిలోలు. అంటే ఒక లీటరు ఫోమ్ ఇంచుమించు ఒక కిలోని ఎత్తుతుంది. లెక్క ఇంత సులువు. 110 లీటర్ల ఫోమ్ ఉంటే నా పడవ మునగదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. 110 అంటే సరిగ్గా జాలరి తాత చెప్పిన ‘మధ్య’. నీళ్ళు తోడటానికి ఒక మనిషి లోపల కూర్చోవాలి. మనిషి నీళ్ళలో ఉన్నంత మేరా బరువుండడు గానీ, నడుము పైభాగం నీటిపైన ఉంటే అదంతా బరువే, 40 కిలోలు వేసుకోండి. పడవ అంచు అలల కంటే జానెడు పైకి లేవాలి, ఆ లేచిన ఫైబర్ పూర్తి బరువు తూగుతుంది. అన్నీ కలిపి నేను 220 లీటర్ల దగ్గర తేల్చాను. ఇనప నూనె డ్రమ్ము చూసి ఉంటారు, 200 లీటర్లది. దానికంటే కాస్త పెద్దదాన్ని ముక్కలు చేసి మీ 14 అడుగుల పడవలో దాచాలన్నమాట. అందుకే సీటు కింద రెండు థర్మోకోల్ పలకలు పెట్టి “నా పడవ మునగదు” అనేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

ఎంత పెట్టామన్నది ఒకటైతే, ఎక్కడ పెట్టామన్నది దానికంటే ముఖ్యం. అడుగున పెడితే ఏమవుతుంది? నిండిన పడవలో తేలే వస్తువు అడుగున ఉంటే అది పైకి రావాలని చూస్తుంది. పైకి వస్తుంది కూడా, పడవని బోర్లా తిప్పి. నా పడవ తయారు చేసినవాళ్ళు ఫోమంతా నేల కింద పోశారు, ఎందుకంటే అక్కడ పోయడం సులువు. పక్క అంచుల కింద, వీలైనంత పైన, వీలైనంత బయటికి పెట్టాలి. తర్వాత ముక్కులో కొంత, వెనక మోటారు దగ్గర కొంత. స్తంభం బోలుగా ఉంటే పైకొన ఫోమ్ బిరడాతో మూసి సీల్ చెయ్యండి. పడవ పక్కకి పడ్డప్పుడు స్తంభం నీళ్ళు తాగకుండా ఉంటే బోర్లా తిరగడానికి టైము పడుతుంది, ఆ టైములో మీరు సెంటర్ బోర్డు మీద నిలబడి లేపుకోవచ్చు. ఇందాక నేను చెప్పిన ఊట గుర్తుందా? నిండిన పడవలో సెంటర్ బోర్డు పెట్టె పైఅంచు నీటి మట్టం కంటే పైన ఉండాలి. లేకపోతే మీరు తోడేది బంగాళాఖాతాన్ని.

కట్టడం గురించి ఒక్క మాట. మనం అలవాటు కొద్దీ వస్తువు కింద పడకుండా కడతాం. ఫోమ్‌ని పైకి ఎగిరిపోకుండా కట్టాలి. 50 లీటర్ల దిమ్మ మునిగితే 50 కిలోల బలంతో పైకి తంతుంది. మేకులకి వేలాడదీసిన ప్లైవుడ్ సీటుని అది అప్పడంలా ఊడదీస్తుంది. వెడల్పు పట్టీలు దిమ్మ పై నుంచి వేసి పడవ ఒంటికి బిగించండి.

ఏ ఫోమ్? రెండు డబ్బాల ద్రవం కలిపి పోస్తే దాదాపు ముప్ఫై రెట్లు పొంగేది ఉంది, పీయూ ఫోమ్. చూడ్డానికి మ్యాజిక్‌లా ఉంటుంది. మూసిన పెట్టెలో ఎక్కువ పోస్తే అది పొంగే బలానికి ఫైబర్ ఉబ్బిపోతుంది, వేడి కూడా పుడుతుంది. ఆ ఆవిరి పీల్చకూడదు. ఇవన్నీ జాగ్రత్తపడినా, అది పడవ ఒంటికి అతుక్కుపోతుంది కాబట్టి నీళ్ళు పోయే దారి మూసేస్తుంది. ఏళ్ళ తరబడి నీళ్ళలో కూర్చుంటే ఎంత మంచి ఫోమైనా కొంత తాగుతుంది. మీ చేతుల్లో తిరుగుతున్నది అదే.

థర్మోకోల్ చవక. కానీ పూసల మధ్య సందుల్లోకి నీరు దూరుతుంది. పెట్రోల్ తగిలితే కరిగిపోతుంది. దాని మీద ఫైబర్ పనికి వాడే జిగురు, మామూలు పాలియెస్టర్ రెజిన్ పూస్తే, మీరు చూస్తుండగానే గుంత పడి మాయమవుతుంది. నాకు ఈ జ్ఞానం ఒక డబ్బా రెజిన్ ఖర్చుతో వచ్చింది. ఎపాక్సీ రెజిన్ పూస్తే కరగదు. పూసలు లేకుండా ఒకే గుజ్జుగా వచ్చే ఎక్స్‌ట్రూడెడ్ పలకలు నీళ్ళు బాగా తక్కువ తాగుతాయి, వాటికీ పెట్రోల్ పడదు. నేను అవే వాడాను. దిమ్మలుగా కోసి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి, ఒంటికి ఆనకుండా కింద అంగుళం సందు వదిలి చిన్న ప్లాస్టిక్ పట్టీల మీద కూర్చోబెట్టాను. ఆ సందులోంచి నీరు కిందకి జారుతుంది, గాలి పైకి వెళ్తుంది. ఏడాదికోసారి పట్టీలు విప్పి దిమ్మలు బయటికి తీస్తాను, తూస్తాను, ఎండబెడతాను.

(సభలో ఒకరు: సార్, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు పెట్టుకోవచ్చా?)

పెట్టుకోవచ్చమ్మా, నవ్వాల్సిన ప్రశ్నేం కాదు. రెండు లీటర్ల సీసా దాదాపు రెండు కిలోలు ఎత్తుతుంది, నీళ్ళు తాగదు. ఒకటి పగిలినా మిగిలినవి ఉంటాయి. వల సంచీల్లో బిగించి అంచుల కింద కట్టండి. నా లెక్కకి 110 సీసాలు కావాలి, అన్ని తాగితే డాక్టర్ ఒప్పుకోడు. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవల్లో గాలి సంచులే వాడతారు, అదీ మంచి పద్ధతే. బయల్దేరే ముందు నొక్కి చూసుకోవాలి, అంతే. మూసేసిన ఖాళీ గాలి పెట్టె అయితే మాత్రం మన మే నెల ఎండలో లోపలి గాలి వ్యాకోచించి అతుకుల్ని నెడుతుంది. సాయంత్రం చల్లటి నీళ్ళలో దింపగానే అదే గాలి ముడుచుకుని, నెర్రె ఉంటే అందులోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. అందుకని తిరిగే మూత పెట్టించండి. ఒడ్డున ఉన్నంతసేపూ తెరిచి ఉంచండి.

మూత అన్నాను కాబట్టి బూజు దగ్గరికి వచ్చేశాం.

మన ఊళ్ళో వానాకాలం కల్లుప్పు జాడీ మూత తీస్తే అడుగున నీళ్ళు ఊరి ఉంటాయి కదా? జాడీలో ఎవరూ నీళ్ళు పొయ్యలేదు, ఉప్పు గాలిలోంచి లాక్కుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరవడం మొదలవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం కూడా ఉంటుంది కాబట్టి అది ఇంకా ముందే చెమరుస్తుంది. ఇప్పుడు పడవ చూడండి. తిరిగొచ్చాక ఒంటి నిండా, తాళ్ళ నిండా, తెరచాప నిండా ఉప్పు. ఎండలో ఆరినట్టే కనిపిస్తుంది. మూసేసి ఇంటికొస్తాం. రాత్రికి ఆ ఉప్పే గాలిలోంచి నీళ్ళు తెచ్చి బూజుకి పెడుతుంది. కాబట్టి బూజు మందు కొనడానికి ముందు రెండు బకెట్ల మంచినీళ్ళు కొట్టండి. పంపు నీళ్ళే. కడిగి, తుడిచి, ఆరాకే మూత వెయ్యండి. నేను ఎన్ని మందులు వాడినా దీనంత పని ఏదీ చెయ్యలేదు.

రెండోది టార్పాలిన్. పడవని పసిపిల్లని చుట్టినట్టు గట్టిగా చుడతాం. పగలు లోపల ఆవిరి స్నానం, రాత్రి పైన మంచులా నీటి బొట్లు, మళ్ళీ కిందకి. మధ్యలో ఒక వెదురు కర్ర పెట్టి ఇంటి కప్పులా లేపండి, రెండు కొనలూ వదిలెయ్యండి. గూటికి ఒక గాలి రంధ్రం చాలదు. ఒకటి కింద, ఒకటి పైన, ఎదురెదురు మూలల్లో ఉండాలి, గాలికి వచ్చే దారి, పోయే దారి రెండూ కావాలి. గాదెలో గాలాడకపోతే బియ్యం ముక్కిపోయినట్టే పడవా ముక్కిపోతుంది. ఆ ముక్కిన వాసన వచ్చిందంటే కంటికి కనబడకపోయినా లోపల ఎక్కడో తడి ఉన్నట్టే. పడవ ముక్కు కాస్త ఎత్తుగా పెట్టి, బిరడా తీసేసి ఉంచండి. బిరడా కారు తాళానికి కట్టేసుకుంటే, ఇంటి దగ్గర మర్చిపోయి సముద్రంలో దిగే ప్రమాదం కూడా ఉండదు.

దూది పరుపులు, దిండ్లు పడవలో వద్దు. లైఫ్ జాకెట్లు నీడలో వేలాడదీయండి, పెట్టెలో కుక్కకండి. పూర్వం లైఫ్ జాకెట్లలో తెల్లబూరుగు దూది కూరేవారు, రెండో ప్రపంచ యుద్ధంలో కూడా అవి వాడారు. ఆ పీచుకి మైనం లాంటి పూత ఉంటుంది, నీరు అంటదు. మన పెరటి చెట్టు కాయ అంత పని చేసిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఇక పట్టేసిన బూజు. పొడి బ్రష్‌తో గీకకండి, పొడి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్క్ పెట్టుకుని, ముందు తడిపి, సబ్బు నీళ్ళతో రుద్దండి. తర్వాత వెలిగారం, అదే బోరాక్స్. నాలుగు లీటర్ల వేడి నీళ్ళలో ఒక కప్పు కరిగించి తుడిచి, కడగకుండా ఆరనివ్వండి, పిల్లలకి అందకుండా చూసుకోండి. తెల్ల వెనిగర్ కూడా పనిచేస్తుంది. బ్లీచ్ ఫైబర్ మీద మరకని తెల్లగా చేస్తుంది గానీ చెక్కలోకి దిగిన బూజుని చంపలేదు, స్టీలు, అల్యూమినియం సామాన్లని తింటుంది. పాలియెస్టర్ తెరచాపకి బాగా పల్చగా కలిపి వాడొచ్చు, నైలాన్ తెరచాపకి అసలు వాడకూడదు.

ఒక్క తప్పు మాత్రం చెయ్యకండి, నేను చేశాను. గూట్లో బ్లీచ్ కొట్టి, మరక పోలేదని దాని మీదే వెనిగర్ పోశాను. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కళ్ళు మండి, దగ్గుతూ పాక్కుంటూ బయటికి వచ్చి ఇసక మీద పడ్డాను. మా ఆవిడ “ఇన్నాళ్ళూ మునిగిపోతారని భయపడ్డాను, ఆరిపోతారనుకోలేదు” అంది. అప్పటి నుంచీ మా ఇంట్లో ఆ రెండు సీసాలూ ఒక గదిలో ఉండవు.

చివరిగా పరీక్ష. ఇదంతా చేశాక నా పడవని భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట, అల లేని పోటు నీళ్ళలో, ఛాతీ లోతులో దించాం. ముగ్గురం, అందరికీ లైఫ్ జాకెట్లు. మోటారు తీసి దాని బదులు ఇసక సంచీ కట్టి, బకెట్లతో మేమే నింపాం. అంచు జానెడు పైన నిలబడింది, పెట్టె నోరు నీటికి పైనే ఉంది. నేను ఎక్కి కూర్చుంటే నాలుగు వేళ్ళు దిగింది. ఇరవై నిమిషాల్లో తోడేశాను. నదిలో మంచినీళ్ళ శాతం ఎక్కువ కాబట్టి సముద్రంలో ఇంకొంచెం పైకే తేలుతుంది. మీరు చేసేటప్పుడు ఒకసారి మనుషుల్ని పక్క అంచు మీద కూర్చోబెట్టి కూడా చూడండి, ఒరిగే పడవ అక్కడే బయటపడుతుంది.

మరపడవలకి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ రెండు నెలలూ ఫైబర్ పని తెలిసిన చేతులన్నీ ఒడ్డునే ఉంటాయి. వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోండి, కూలి ఇచ్చి చేయించుకోండి. ఎండకి రెజిన్ తొందరగా గట్టిపడుతుంది, హార్డెనర్ ఎంత తగ్గించాలో వాళ్ళకి చేతి లెక్క తెలుసు.

ఆ సంచీ ఎక్కడిదాకా వచ్చింది? ఇలా ఇచ్చెయ్యండమ్మా. పడవ బయట ట్రైలర్ మీద ఉంది, మూతలన్నీ తెరిచి పెట్టాను. ఎవరైనా తల లోపల పెట్టి వాసన చూడొచ్చు.